తెర వెనుక కుర్చీ

నా చిన్నప్పటికి మా ఇంటికి పేరూ, ఊళ్లో ఒక మామిడితోటా మాత్రమే మిగిలాయి. మా ముత్తాత పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాతయ్య ఏ సభకు వెళ్లినా ముందు వరుసలో నడిమి కుర్చీ ఆయన కోసం ఖాళీగా ఉంచేవారట. అరవైల చివర మేము తార్నాకలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న యూనివర్సిటీలో గుమాస్తా. అయినా తాతయ్య తలపాగా చుట్టుకోకుండా గడప దాటేవారు కారు.

మొన్నొక మధ్యాహ్నం టీవీ పెడితే ఒక పాత సినిమా వస్తోంది. సినిమాల కోసం కాచుకుని కూర్చునే మనిషిని కాను. కానీ హీరో కుడిచేత్తో ఉత్తరం రాయడం చూసి అక్కడే ఆగిపోయాను. యాభై ఏళ్లకు పైగా అతడిది ఎడమచేతివాటం అనుకుంటున్నాను.

ఆ సినిమాను మొదట నాన్న పనిచేసే యూనివర్సిటీ క్యాంపస్‌లో చూశాను. మైదానంలో రెండు గుంజల మధ్య తెల్లటి తెర కట్టి, పొద్దుగూకగానే వేసేవారు. ముందున్న కుర్చీలు కార్డు ఉన్న ప్రొఫెసర్ల కుటుంబాలకు. మిగతావాళ్లకు నేల. ఈ ఏర్పాటు తాతయ్యకు తెలియదు. నా చెయ్యి పట్టుకుని నేరుగా వెళ్లి నడిమి కుర్చీలో కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను.

వెనక విద్యార్థులు నవ్వారు.

"ఎవల్రా గీ నవాబు? కార్డున్నదా?"

"కార్డు సంగతి తర్వాత. గా తలపాగాతోటి మనకు సగం సినిమానే కనవడ్తది!"

అంతలో ఆ కుర్చీ తాలూకు ప్రొఫెసరు గారు భార్యతో వచ్చి నిలబడ్డారు. కుర్చీలు చూసుకునే చప్రాసీ మా వైపు నడిచాడు. ఇంతమందిలో తాతయ్యను లేపితే ఆయన మళ్లీ ఇల్లు కదలరని నాకు తెలుసు.

చప్రాసీ వంగి మెల్లగా అన్నాడు: "దొరా, గీడ మందితోని ఉక్కవోస్తది. తెర ఎనుక హవా మంచిగుంటది. మీకు గాడ కుర్చీ ఏస్త, రాండ్రి."

తాతయ్య లేచి, నడుము వంచకుండా నడిచారు. చప్రాసీ తాను కూర్చునే ఇనుప కుర్చీని తెర వెనుక వేసి, భుజం మీది తువాలుతో తుడిచాడు. అక్కడే చాప మీద ఉన్న అతని భార్యాపిల్లలు జరిగి నాకు చోటిచ్చారు. పల్చటి తెర కావడంతో బొమ్మ ఇటువైపూ బాగానే కనిపించేది, కాకపోతే కుడిఎడమలు తారుమారు. తెర మీది తిరగబడిన అక్షరాలు నేను కూడబలుక్కుంటుంటే అతని భార్య, "చదువుడెందుకు బిడ్డా, సూడు" అని నవ్వింది. సగం సినిమా అయ్యేసరికి తాతయ్య కూడా నవ్వుతున్నారు.

ఇంటికి వస్తూ, అక్కడ నిజంగా గాలి బాగుందా అని అడిగాను. ఆయన అన్నారు: "నాకు తెల్వదా బిడ్డా? గాని నన్ను లెవ్వుమనలేదు. రమ్మన్నడు."

తర్వాత నేను ముప్పై ఏళ్లు కాలేజీలో పనిచేశాను. ఎవరినైనా ఒక చోటి నుంచి కదపవలసి వస్తే, ఇంకో చోట వాళ్లకు కుర్చీ వేయించాకే నోరు తెరిచాను. మా వంశంలో చాలా మర్యాదలు నేర్పారు కానీ, ఇది మాత్రం నేను ఆ చప్రాసీ దగ్గర నేర్చుకున్నాను.

పాత దర్జాకు గుర్తుగా ఊళ్లో మిగిలిన మామిడితోట అమ్మకానికి అంతవరకు ఒప్పుకోని తాతయ్య, ఆ సినిమా చూసిన వేసవిలోనే తానుగా వెళ్లి సంతకం పెట్టి వచ్చారు.