కనబడని ఎరుపు

నూకరాజు వెల్డరు. హిందీ ఊళ్లో రైల్వే వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ క్వార్టర్లోనే పుట్టి, తండ్రి లాగే వ్యాగన్ల వర్క్‌షాపులో చేరాడు. డ్యూటీ దిగాక పాడైన రేడియోలు, టేపులు విప్పుకుని కూర్చోవడం అతని సరదా. ఆ ముక్కలతో నిండిన మంచం కింద ఊడ్చుకునే యోగం భార్య బంగారమ్మకి పెళ్లైన నాటి నుంచీ లేదు.

తొంభై తొమ్మిది వానాకాలంలో, తాళాల గుత్తికి వేలాడే బుల్లి లైటొకటి దూరపు గోడ మీద ఎర్రచుక్క వేయడం బజార్లో చూశాడు. అలాంటిది తనే చేసుకుంటే, వ్యాగను పలక తిన్నగా ఉందో లేదో సుద్ద దారం లాగకుండానే తెలుస్తుందనుకున్నాడు. గుఢియారీ బజార్లో పాతసామాన్ల కబాడీ కొట్లో పాడైన సీడీ ప్లేయరు దొరికింది.

"ఇస్‌కా లెన్స్ గయా, భయ్యా," అన్నాడు కొట్టువాడు, దీని లెన్సు పోయిందని.

లోపలి లైటూ గాజూ కలిసిన ముక్క మొత్తాన్నీ బజారంతా లెన్సనే అంటారు. పోయింది గాజేననుకున్నాడు నూకరాజు. గాజు ఊడదీసి, వెనకున్న పెసరగింజంత ముక్కకి తీగలు అతికి, బ్యాటరీలు పెట్టాడు. గోడ మీద చుక్క లేదు. ఇంకో బ్యాటరీ కలిపాడు. అయినా లేదు. చివరికి దాన్ని కుడికంటి దగ్గర పెట్టుకుని లోపలికి చూశాడు. ఆరిపోయే నిప్పురవ్వలా ఏదో మసక ఎరుపు. వెలుగుతోంది మరి, గోడ మీదికెందుకు రాదు?

తీగలు మార్చినప్పుడల్లా మళ్ళీ అలాగే కంటికి ఆనించి చూశాడు. ఆ వారమంతా అదే పని.

"కళ్ళల్లో పెట్టుకుంటావేటి దాన్ని? కన్ను పోతే రేపు నీకు వెల్డింగు ఎవుడిస్తాడు?" అంది బంగారమ్మ.

"కన్ను సెడగొట్టే లైటు నాకు తెల్దేటే? భగ్గుమంటాది, రాత్రికి కంట్లో ఇసక పోసినట్టుంటాది. ఇది అగరొత్తి పాటి లేదు."

ఆదివారం సాయంత్రం నూకరాజు ఆ ముక్కని గోడకేసి వెలిగించి ఉండగా పక్క క్వార్టరు కొండలరావు కెమెరాతో వచ్చాడు. పెళ్లిళ్లకి వీడియోలు తీస్తాడు. కెమెరా కంటికి పెట్టుకుని, "ఏటి బావా, మా చెల్లికి సినిమా సూపిస్తన్నావా? గోడ మీద అంత తెల్లగా పడతందేటి?" అన్నాడు.

నూకరాజు గోడకేసి చూశాడు. సున్నం, బల్లి తప్ప ఏమీ లేదు. "నీ కెమెరాకి దెయ్యం పట్టింది."

"దెయ్యమో, నీ లెన్సో. ఇలా వచ్చి సూడు."

కెమెరాలోంచి చూస్తే గోడ మీద తెల్లటి మచ్చ. బ్యాటరీ తీగ లాగితే పోయింది, కలిపితే వచ్చింది. కెమెరా దించి చూస్తే వట్టి గోడ. నూకరాజు చాలాసేపు అలా ఎత్తుతూ దించుతూ ఉండిపోయాడు. తన కన్ను అబద్ధమా, కెమెరా అబద్ధమా? కనబడనిది ఇంత తెల్లగా ఎలా ఉంటుంది? ఇంత తెల్లనిదాన్నా వారంగా కంట్లోకి పోసుకున్నది?

రెండు రోజులుగా వర్క్‌షాపులో వెల్డింగు చేసే అతుకు సరిగ్గా నడిమిన మసకగా కనిపిస్తోంది. ముసుగు గాజుకి మరక అనుకుని తుడుస్తున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కొండలరావు వెళ్ళేదాకా ఆగి, బంగారమ్మని ఎదురుగా కూర్చోబెట్టాడు. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని ఆమె ముక్కుకేసి చూశాడు. ముక్కుపుడక కనిపించింది. నిజంగా కనిపించిందా, అక్కడ ఉంటుందని తెలిసి చూశాడా అన్నది తేలలేదు.

"నాను తల తిప్పుకుంటాను. పుడక తియ్యి, లేపోతే ఉండనీ. నాకు సెప్పకు."

తిప్పుకున్న తలని కాసేపటికి మళ్ళీ ఇటు తిప్పాడు. మూసిన కన్ను తెరవకుండా, ముఖం ముందుకి పెట్టి చూశాడు.

"తీసేసావు," అన్నాడు.

బంగారమ్మ చెయ్యి ముక్కు మీదికి పోయింది. పుడక అక్కడే ఉంది. ఆమె లేచి ట్యూబులైటు వేసి, వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది.

"ఇందాక సీకటి. ఇప్పుడు సూడు," అంది.

నూకరాజు ఈసారి ఎడమకన్ను మూయలేదు.