స్వస్థత రాకముందే కృతజ్ఞత కూడిక

ఆ రోజు ఆఫీసుకు బయలుదేరుతూ ఐడీ కార్డు మెడలో వేసుకుంటుంటే, కాలర్ ఎముక పైన ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాని కోసం సెలవు పెట్టే అలవాటు మా ఐటీ వాళ్ళకు లేదు కదా! మదీనాగూడలో క్యాబ్ ఎక్కి వెళ్ళిపోయాను.

మా ఆయన విక్టర్ ఊరుకోలేదు, ఆసుపత్రికి లాక్కెళ్ళాడు. బయాప్సీ చేశారు. రిపోర్టు చూసి డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“లింఫోమా అండి, లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సర్. స్టేజ్ త్రీ. కీమో మొదలుపెడదాం.”

నాకు నలభై రెండేళ్ళు. ఇన్నాళ్ళూ దేనికోసం పరుగెత్తానా అనిపించింది ముందు. చావు భయం తర్వాత వచ్చింది, బాగానే వచ్చింది.

కీమోతో జుట్టు పోయింది. నోరంతా పూసి పప్పన్నం కూడా మంటే. ఒకసారి రక్తంలో తెల్లకణాల కౌంట్స్ పడిపోయి, జ్వరంతో అడ్మిట్ చేశారు. ఎక్కువ రోజులివ్వు ప్రభువా అని ఆ గదిలో ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, ఇచ్చిన రోజుల్ని వృథా పోనివ్వకు అని అడగడం మొదలుపెట్టాను.

మెల్లగా మెడలో గడ్డ కరిగింది. విక్టర్ సంతోషం పట్టలేక, జబ్బు ఒంట్లో ఇంకా ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ కాకముందే చర్చిలో కృతజ్ఞత కూడిక ప్రకటించేశాడు. విశ్వాసమంటే స్వస్థత వచ్చేసిందని ముందే ఒప్పుకోవడం అంటాడు. మావాళ్ళలో ఇదొకటుంది, రిపోర్టు కంటే దేవుడు బాగుచేశాడన్న సాక్ష్యం ముందొస్తుంది. మా అపార్టుమెంటు మేడమీద టెంటు, బిర్యానీ, అన్నీ చెప్పేశాడు.

కూడికకు ముందురోజు స్కాన్ రిపోర్టు వచ్చింది.

“పార్షియల్ రెస్పాన్స్ అండి, మందు కొంతవరకే పనిచేసింది. కడుపులో గడ్డలు ఇంకా యాక్టివ్‌గానే ఉన్నాయి. సెకండ్ లైన్‌కి, అంటే వేరే మందులకి వెళ్ళాలి” అంది డాక్టరమ్మ.

పార్కింగులో విక్టర్ స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. నీకు జ్వరమని చెప్పి మానేద్దాం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“నేనింకా బతికే ఉన్నాగా. కృతజ్ఞత చెప్పడానికి అది చాలదా?”

మర్నాడు పాస్టరుగారు మైకు ఇచ్చారు. అందరూ స్తోత్రం అనడానికి సిద్ధంగా ఉన్నారు. నా జబ్బు పోలేదని, ఎన్నాళ్ళుంటానో తెలియదని, ఇవాళ ఉన్నందుకు దేవునికి స్తోత్రమని చెప్పాను. స్తోత్రం అనడానికి ఎత్తిన చేతులు దిగిపోయాయి. ఒక ఆంటీ ఇదేం అవిశ్వాసమమ్మా అని గొణిగింది. పాస్టరుగారు మైకు తీసుకుని నెమ్మదిగా ప్రార్థన చేశారు.

భోజనాలప్పుడు, మా అపార్టుమెంటులో హౌస్‌కీపింగ్ చేసే యాదమ్మ నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. ఆమెనూ కూడికకు, భోజనానికి పిలిచాం.

“అక్కా, నీకు ఇంక పోలేదంటివి. అయినా నవ్వుతున్నవ్, తింటున్నవ్. నాకు గూడ రొమ్ముల గడ్డ ఉంది. ఎవ్వరికి చెప్పలే. చెప్తే ఇగ సావే అనుకున్న.”

ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల మీదే కూర్చున్నాను. నేను పూర్తిగా బాగైపోయానని చెప్పుంటే, ఆమె అందరితోపాటు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళిపోయేది.

మర్నాడే ఆమెను మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇప్పుడు యాదమ్మకు ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. నాకు సెకండ్ లైన్ సాగుతోంది. డాక్టరమ్మ నాకింకా ఏ మాటా ఇవ్వలేదు. ఓపికున్నప్పుడు ఇంటినుంచే పని చేస్తాను. యాదమ్మ కీమో రోజున మాత్రం సెలవు పెడతాను, ఇద్దరం కలిసే వెళ్తాం.

గడ్డ కనబడితే ఆ రోజే ఒక్కరికైనా చెప్పండి. ఎవరైనా మీకు చెప్పుకుంటే, ఏం కాదులే అనకండి. చెప్పులేసుకుని వాళ్ళతో బయలుదేరండి.