తూర్పుకు పొంగిన పాలు

ఆ రోజుల్లో నాకున్నవి రెండే: పాలిటెక్నిక్‌లో కొత్తగా సంపాదించిన డిప్లొమా, ఎవరేమన్నా మరిచిపోని బుర్ర. డిప్లొమా ఇప్పుడు ఏ బీరువాలో ఉందో తెలియదు. బుర్ర మాత్రం పదిలంగా ఉంది. అందుకే మలేసియాలోని క్వాలా సెలంగోర్‌లో మా మేనత్త వంటగదికి పునాది వేసినప్పుడు నాకు జరిగిన అన్యాయాన్ని ఇన్నేళ్ల తరువాత మీ ముందు పెడుతున్నాను. న్యాయం మీరే చెప్పండి. (నా వైపు చెప్తారని నాకు తెలుసు.)

అత్త ఇల్లు పామాయిల్ తోటల పక్కన, సముద్రానికి దగ్గర. అక్కడ మూరెడు తవ్వితే నీళ్ళు, ఆ కింద ఎంత తవ్వినా బురద. ఇంటి వెనక కొత్త వంటగది కట్టే పనిని ఆమె గెడల మావకు అప్పగించింది. ఆయన మాకు చుట్టం కాదు, ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ మావే. మడచెట్ల గెడలు బురదలోకి దిగగొట్టి, వాటి మీద ఇళ్ళు నిలబెట్టేవాడు కాబట్టి ఆ పేరు. అత్త మాట కాదనలేక నన్ను పనిలోకి తీసుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. “కొత్త వంటింట్లో పాలు పొంగినదాకా సూస్తాను లా. ఉంటావో పోతావో అప్పుడు సెప్తాను.” (ఆ ‘లా’ మలేసియాలో అందరి మాటలకూ ఉండే తోక.) నా మొదటి ఉద్యోగం అలా ఒక పాలగిన్నె మీద ఆధారపడింది.

నేను చదివిన పుస్తకంలో లోయెస్ అనే మట్టి గురించి ఒక అధ్యాయం ఉంది. గాలి మోసుకొచ్చి పేర్చిన మట్టి అది. పొడిగా ఉన్నంతకాలం గోడలా నిలబడుతుంది, తడిస్తే కూలబడుతుంది. కాబట్టి ముందే బాగా తడిపి, కుంగాల్సినంత కుంగనిచ్చి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, ఆ తరువాతే పునాది వెయ్యాలి. పరీక్షలో ఆ ప్రశ్నకే నాకు ఎక్కువ మార్కులు వచ్చాయి. అలాంటి మట్టి మలేసియాలో ఉండదని ఏదో పేజీలో రాసే ఉంటారు. ఆ పేజీ పరీక్షకు రాదని నేను చదవలేదు. అత్త పెరట్లో పసుపు రంగు మట్టి కనబడగానే పాత స్నేహితుణ్ణి చూసినట్టయి, గొట్టం పట్టుకుని నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాను.

గెడల మావ నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూశాడు. “ఏటి తంబీ, నారు పోస్తన్నావా?”

“ముందు తడపాలి మావా. లోయెస్.”

“దీన్నా? ఇది పుట్టినకాడ్నుంచీ తడిసే ఉంది కదరా!”

పక్కింటి చైనా ముసలమ్మ కూడా నవ్వింది. (ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా నవ్వింది. అదీ లెక్కలో ఉంది.) ఆ పూట నుంచి నా పేరు నారుమడి ఇంజినీరు. తరువాత మావ ఒక గెడ తీసుకుని రెండు చేతులతో నేలలోకి తోశాడు. అది ఆయన భుజం దాకా దిగిపోయింది. “సూసినావా, సుత్తి అడక్కుండానే పోతంది.” పుస్తకంలో అలా లేదని నేను మొండికేశాను.

తగాదా అత్త దగ్గరికి వెళ్ళింది. ఆమె ఎండుచేపలు తిరగేస్తూ తీర్పు చెప్పింది. “పడమటేపు నువ్వు గెడలు దిగగొట్టు తమ్ముడా. తూరుపేపు మా అన్న కొడుకుని సెయ్యనీ. సదువుకున్నోడు మరి.” ఒకే గదికి రెండు రకాల పునాదులు! ఏ ఇంజినీరూ ఒప్పుకోని ఈ ఏర్పాటు ఇద్దరినీ నొప్పించకూడదనుకునే అత్తలకే తోస్తుంది. నేను వారం రోజులు నా సగాన్ని తడిపాను, కొట్టాను. మొత్తం మీద ఒకే పలకగా కాంక్రీటు పోశాం, గోడలు లేపాం, రేకులు వేశాం. ఆ వెంటనే వానలు పట్టుకున్నాయి.

పాలు పొంగించే రోజు పొద్దున్నే రసమట్టం పెట్టి చూశాను. బుడగ పడమటి గోడ వైపు పారిపోయింది. నమ్మలేక ఒక నిమ్మకాయ వదిలాను. అది నింపాదిగా తూర్పుకు వెళ్ళి గోడకు తగిలి ఆగింది. నా సగం మూడు వేళ్ళ మందం కుంగి, నేలంతా ఒకే చెక్కలా ఒరిగింది. క్లాంగ్ నుంచి చుట్టాలు దిగిపోయారు. ఎవరూ కనిపెట్టకూడదని నేను కొంచెం పడమటికి వంగి నిలబడ్డాను.

అత్త మూడు ఇటుకల పొయ్యి మీద ఇత్తడి గిన్నె పెట్టింది. మా వాళ్ళకు పాలు పొంగడం ఒక్కటే చాలదు, ఎటు పొంగాయన్నది ముఖ్యం. తూర్పుకైతే ఇల్లు వృద్ధి. పాలు లేచాయి, ఒరిగాయి, మరో ఆలోచన లేకుండా తూర్పుకు దూకాయి.

“తూరుపుకే! తూరుపుకే పొంగినాయి!” అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చుట్టాలు చప్పట్లు కొట్టారు. గెడల మావ గిన్నెను చూశాడు, నేలను చూశాడు, వంగి నిలబడ్డ నన్ను చూశాడు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

“అప్పా, పాలు ఎటు పొంగాలో నీ మేనల్లుడు నేలకే నేర్పినాడు లా!” అన్నాడు అత్తతో, పైకి. అందరూ నవ్వారు. తరువాత నా చెవిలో అన్నాడు: “సోమవారం ఏడుకల్లా రా. గెడలు మొయ్యాలి. గొట్టం మాత్రం తేకు.”

ఇప్పుడు చెప్పండి. పాలను తూర్పుకు పొంగించిన పునాది ఎవరిది? నాది. అత్త కొత్త పంచె ఎవరికి పెట్టింది? ఆయనకు! నాకు గిన్నెలో మిగిలిన పాలు ఒక గ్లాసు.

ఈనాటికీ ఏ స్థలానికి వెళ్ళినా, మట్టి రిపోర్టు తెరిచే ముందు రెండు చేతులతో ఒక గెడను తోసి చూస్తాను. మావ ఇప్పుడు లేడు, ఆయన అలవాటు నా దగ్గర మిగిలింది. మొన్న ఆ నేలను సరిచేద్దామని, పైకెత్తే జాకీలు తీసుకుని అత్త ఇంటికి వెళ్ళాను. “ముట్టుకున్నావంటే సూడు! తూరుపు వాటం పోతాది. కూకో, నారుమడి ఇంజినీరూ, టీ తాగు” అంది. ఆమె లోపలికి వెళ్ళగానే బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసి పడమటి గోడ దగ్గర వదిలాను. దొర్లుకుంటూ తూర్పుకు వెళ్ళింది. వెళ్ళి తెచ్చి మళ్ళీ వదిలాను. టీ చల్లారిపోయేదాకా అదే పని.

పంచె సంగతి మాత్రం నేను మరిచిపోలేదు.