నూకరాజు గారి ‘నాను’

మా నాటక సమాజానికి మూలస్తంభం, నటుడు, దర్శకుడు, మా అందరి ఉచ్చారణకు ఏకైక న్యాయాధికారి అయిన నూకరాజు గారు గత మాసంలో దివంగతులయ్యారు. ఆ వార్త నాకు మొదట అర్థం కాలేదు. ఉదయాన్నే వారి సతీమణి పోలమ్మ గారు ఫోన్ చేసి, “మీ గురువుగారు రిహార్సల్‌కి రారు బాబూ” అన్నారు. జ్వరమా అని అడిగాను.

“జరం కాదు బాబూ. మరింక రారు.”

రంగస్థలం మీద నేను పలికిన మరణవార్తల్లో అరపేజీకి తక్కువైనది ఒక్కటీ లేదు. నిజమైనది రెండు మాటల్లో తేలిపోయింది. నమ్మడానికి మాత్రం ఎక్కువ కాలం పడుతోంది.

ఆయన యారాడలో, సముద్రం మీద చేపల వేటకు వెళ్లే కుటుంబంలో జన్మించారు. పోర్టులో క్రేన్ నడిపి పదవీ విరమణ చేశారు. అలల హోరుకు ఎదురుగా నిలబడి సాధన చేసిన కంఠం గనుక, ఆయన ముందు మైకు పెట్టడం మైకునే అవమానించడం. ప్రసన్నులైతే నాలాంటి చిన్నవాణ్ణి కూడా ‘బావా’ అని పిలిచేవారు, ఆగ్రహిస్తే ‘ఏరా’ అనేవారు. సుదీర్ఘమైన మా సాంగత్యంలో నాకు రెండోదే బాగా అలవాటు.

యౌవనంలో జరిగిన ఒక ఘటన ఆయన కళాజీవితాన్ని శాసించింది. గోదావరి అవతల ఎక్కడో నాటక పరిషత్తు పోటీలు. ఆయనది పుత్రశోకంతో కుమిలిపోయే జమీందారు పాత్ర. “నేనింక బ్రతికి ఏం చేస్తాను” అనవలసిన చోట, నిజమైన దుఃఖం ముంచుకొచ్చి, “నానింక బతికేటి సేత్తాను” అన్నారు. ప్రేక్షాగారం నవ్వులతో దద్దరిల్లింది. మా ఉత్తరాంధ్ర ‘నాను’ అప్పటికి నాటకాల్లో నౌకర్లకే కేటాయింపు. జమీందారు నోట వినిపించేసరికి అది హాస్యం కోసమేనని అంతా అనుకున్నారు. న్యాయనిర్ణేతలు కూడా అలాగే అనుకుని, ఆయనకు ఉత్తమ హాస్యనటుడి బహుమతి ప్రకటించారు. ఆయన వేదికెక్కి, వినయంగా నమస్కరించి, పుచ్చుకున్నారు. తర్వాత ఎవరైనా కదిపితే, “షీల్డు బాగానే ఉందిరా, మా ఆవిడ పాలగిన్ని మీద మూతెట్టుకుంటాది” అనేవారు. అంతకు మించి మాట్లాడగా మేము వినలేదు.

ఆ తర్వాత మా సమాజంలో అడుగుపెట్టిన ప్రతివాడి నాలుకనూ ఆయన చిత్రిక పట్టారు. రిహార్సల్‌కు ముందు ఒక్కొక్కరం నిలబడి ‘నేను వస్తున్నాను’ అనాలి. ‘నాను వత్తన్నాను’ అన్నవాడు ఆ పూట అందరికీ టీ కాయాలి. నాది పెందుర్తి, పుట్టి పెరిగింది ఆ ‘నాను’లోనే. రంగస్థలంలో నేను మొట్టమొదట సంపాదించిన ప్రావీణ్యం అల్లం టీ. విచిత్రమేమిటంటే, ఆయన మమ్మల్ని దిద్దేది కూడా ఆ భాషలోనే. “ఏటిరా ఆ మాట? నాను కాదు, నేను అనాలని నాను ఎన్నిసార్లు సెప్పాల?” అనేవారు. ఇందులో వైరుధ్యం ఉన్నదని మనవి చేసే సాహసం మాలో ఎవరికీ లేకపోయింది.

ఈ శీతకాలం మేము ప్రదర్శించబోయే నాలుగు నాటకాలనూ ఆయనే నిర్ణయించారు. ఒక పౌరాణికం, ఒక ప్రహసనం, ఒక సాంఘికం మేము ఊహించినవే. అన్నిటికంటే ముందు ఆడవలసిన నాటకం మాత్రం మమ్మల్ని నివ్వెరపరిచింది. అందులో జాలరిపేట తండ్రి ఒకడు, వేట నుంచి తిరిగిరాని కొడుకు కోసం ఒడ్డున కూర్చుంటాడు. వాచకం ఆసాంతం అక్కడి మాటే. తండ్రి వేషం తానే వేస్తానన్నారు.

“ఏటి బావా, అందరూ అలా సూస్తన్నారు?”

మా కార్యదర్శి రమణ ధైర్యం చేశాడు. “మీరే కదండీ మా చేత ఆ మాట మాన్పించారు.”

“మాన్పించినాను. మీ నోట్లోంచి పీకీసినాను. పాలపన్నయితే మళ్లీ మొలుస్తాది. మాట మొలుస్తాదో లేదో నాకు తెలీదు.” మళ్లీ ఆయనే అన్నారు: “పోయేలోపు ఒక్కసారి, బయటి జనం ముందర, నాను అని ఏడవాల బావా. ఒక్కడూ నవ్వకూడదు. అదొక్కటే ఉండిపోనాది.”

తొలి రిహార్సల్లో ఆయన ఆ తండ్రిగా గొంతెత్తారు. మాలో ఒక్కరూ నవ్వలేదు. రమణ కళ్లజోడు తుడుచుకున్నాడు. అయినా ఆయనకు సంతృప్తి కలగలేదు. “మీరు మనోళ్లు. పైగా నానంటే బయం. మీరు నవ్వకపోతే అది లెక్క కాదు” అన్నారు. లెక్కకు వచ్చే జనం ముందుకు వెళ్లకుండానే వెళ్లిపోయారు. ఆయన జీవితంలో నెరవేరనిది ఇది ఒక్కటే అని నేను అనను. కానీ నోరు తెరిచి అడిగింది ఇది ఒక్కటే.

కర్మకాండ ముగిశాక సమావేశమయ్యాం. ఈ ఏటికి నాటకాలు మానుకుందామని కొందరన్నారు. పోలమ్మ గారు ఒప్పుకోలేదు. “ఆయన లేరని నాటకం మానీస్తే, ఆయన మాట ఎవులు యింటారు?” అన్నారు. తండ్రి వేషం నాకు వచ్చింది. అర్హత వల్ల కాదు, వయసు వల్ల.

ఇప్పుడు ‘నాను’ అంటున్నాను. రాదు. వార్తలు చదివేవాడు మారువేషంలో జాలరిపేట వచ్చినట్టు ఉంటోంది. “బావా, నువ్వు చేపలవాడిలా లేవు. చేపలవాణ్ణి వెక్కిరిస్తున్నట్టున్నావ్” అన్నాడు రమణ, మిత్రధర్మంగా. ఇలాగే పలికితే జనం నవ్వుతారు. ఆయన భయపడిన నవ్వు అదే.

మొన్న పోలమ్మ గారు రిహార్సల్‌కు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. చివరిదాకా విన్నారు. దగ్గరికెళ్లి, గురువుగారు ఆ మాట ఎలా అనేవారో ఒక్కసారి చెప్పమని అడిగాను.

“ఇలాగ మాత్రం కాదు బాబూ. ఎలాగో సెప్పలేను. రోజూ ఇంట్లో వాగీవోరే కద, సెవెట్టి యినీదాన్ని కాదు.”

మేమూ అంతే. ఆయన దిద్దిన మాటలన్నీ శ్రద్ధగా విన్నాం. ఆయన మాట్లాడిన మాటను వినలేదు. వచ్చే నెల తెర లేచినప్పుడు ఆ మాటతోనే ఆయనకు అంజలి ఘటిస్తాం. సరిగ్గా పలకగలమని మాత్రం చెప్పలేను.