ఒక్క గీత పడకుండా

మా ఆడపడుచు కూతురి పెళ్లి నర్సీపట్నంలోనే, ఊరి చివర కల్యాణమండపంలో. పుస్తెలు తెచ్చే పని మాకు అప్పగించారు. మా ఆయన పెళ్లికూతురికి మేనమామ కదా, ఆ గౌరవం కొద్దీ. పొద్దున్నే బంగారం కొట్టుకి వెళ్లి, తాడుకి గుచ్చిన పుస్తెలు తీసుకుని నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. మండపం దగ్గర కారు దిగుతూ పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకోవడంలో పడి, బ్యాగు సీట్లోనే వదిలేశాను. ఆ చీరని చూసుకుని ఏం మురిసిపోయానో!

మా ఆయన తలుపులన్నీ లాక్ చేసి, డిక్కీలోంచి పళ్లబుట్టలు దించి, తాళంచెవి డిక్కీలోనే పెట్టి దభాలున మూసేశారు. "రెండో చెవి ఏదే?" అన్నారు. ఈయన పోగొట్టేస్తారని అది నా దగ్గరే ఉంచుకుంటాను. అంటే బ్యాగులో. బ్యాగు అద్దంలోంచి చక్కగా కనిపిస్తోంది.

కారు కొని నెల కాలేదు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా ఆయన ఇంకా తీయనివ్వలేదు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే బయల్దేరానన్నాడు. లోపల పంతులుగారు మంగళసూత్రాలు తెమ్మని మైకులో అడుగుతున్నారు. మగపెళ్లివారు వెనక్కి తిరిగి తిరిగి గుమ్మం వైపు చూస్తున్నారు.

పెళ్లికూతురి బాబాయి ఎక్కణ్నుంచో రాయి పట్టుకొచ్చాడు. "తప్పుకో బావా, ఎనకాల సిన్న అద్దం కొట్టేత్తాను. ముహూర్తం దాటిపోతంది!"

మా ఆయన అద్దానికి వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడ్డారు. "ఒద్దురా బాబూ! మెకానిక్కు వచ్చేత్తన్నాడు. ఒక్క గీత పడకుండా తీసేత్తాడు."

అందరూ నా వైపు చూశారు. నేను ఒక్క కసురు కసిరితే ఆయన పక్కకి తప్పుకుంటారని చుట్టాలందరికీ తెలుసు. మామూలుగా ఊరుకునే నోరు కాదు నాది. నోరు తెరిచాను కూడా. తెరిచి, "బేగి రమ్మని ఇంకోసారి ఫోన్ చెయ్యండి" అన్నాను. నాకూ ఆ అద్దమే ముఖ్యమైపోయింది. ఛీ, ఏం మనిషిని!

అప్పుడే మా వదిన బయటికొచ్చింది. కూతురి మెడలో వేళకి పుస్తె పడాలని, అంతవరకూ పచ్చి మంచినీళ్లయినా ముట్టనని కూర్చున్న మనిషి. రాయి చూసింది. తమ్ముడి చేతులు చూసింది. నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఉండనీరా తమ్ముడా. నీ కారుకేటీ సెయ్యొద్దు. పసుపుకొమ్ము కట్టించేత్తాం" అనేసి గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

బంగారానికి గతిలేని వాళ్లు పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి అదే తాళి అనుకుంటారు. అన్నీ ఉన్న పిల్లకి, మా మూలంగా, అంతమంది ముందు ఆ గతి పట్టింది.

లోపల గట్టిమేళం మోగుతుండగా మెకానిక్ వచ్చాడు. తలుపు సందులో గాలి నింపే సంచీ ఒకటి దూర్చి, పొడుగాటి ఊచతో లోపలి మీట లాగాడు. తలుపు తెరుచుకుంది. మా ఆయన జేబురుమాలుతో అంచు తుడిచి చూసుకుని, "గీత పడలేదు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మండటానికి నాకేం హక్కుందని!

పుస్తెలు పట్టుకుని పరిగెత్తాను. అప్పటికే అక్షింతలు పడిపోయాయి. "ఇప్పుడు తెచ్చేరేటమ్మా?" అంది మగపెళ్లివారి వైపు ఒకావిడ. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదహార్రోజుల పండక్కి గుచ్చుకుందాంలే అని మా వదిన పుస్తెలు తీసుకుని పెట్టెలో పెట్టేసింది. నా మొహం వైపు చూడలేదు.

పిల్లని గొలుగొండలో అత్తారింటికి మా కారులోనే పంపాలని ముందునుంచీ అనుకున్నదే. అప్పగింతలయ్యాక, ఆ పనైనా సరిగ్గా చేద్దామని, కారుకి కట్టడానికి పూలదండలూ టేపూ తీసుకుని బయల్దేరాను. మెళ్లో పసుపుకొమ్ముతో ఆ పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఒద్దులే అత్తా. టేపు అంటిత్తే మావ కారు రంగు పోద్ది. మేం ఆటోలో ఎల్లిపోతాం."

వెటకారమేమోనని దాని మొహంలోకి చూశాను. కాదు. పిల్ల నిజంగానే మా కారు గురించి ఆలోచించింది.