జాకీ పూజలో ఉన్న రోజు

పోయిన వారం మా పక్కింటివాళ్ళు కొత్త కారు తెచ్చుకుని, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నన్ను కూడా చూడ్డానికి రమ్మన్నారు. అందరూ సీట్లు నొక్కి చూస్తూ, ముందున్న తెర మీద వేళ్ళు ఆడిస్తూ మురిసిపోతుంటే, నేను మాత్రం ఊరుకోలేక వెనక్కి వెళ్ళి డిక్కీ తెరిపించాను. స్టెపినీ లేదు. ఈ మధ్య కొన్ని కార్లకి ఇవ్వడం లేదట, దాని బదులు ఒక జిగురు సీసా, గాలి కొట్టే చిన్న మిషనూ పెడుతున్నారట, అంతకీ కాకపోతే ఫోను చేస్తే మనిషే వస్తాడట. వాళ్ళ అబ్బాయి నవ్వుతూ చెప్పాడు, నేనూ నవ్వి, స్వీటు తిని ఇంటికి వచ్చేశాను. కానీ ఆ మధ్యాహ్నమంతా ఒక్క చోట కూర్చోలేకపోయాను. టీ పెట్టుకుని తాగడం మరిచాను, పేపరు తీసి అదే పేజీ నాలుగుసార్లు చదివాను. నా వయసువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే నా బాధ మీకు తెలుస్తుంది. డిక్కీలో ఏముందో చూసుకోకుండా ఊరి పొలిమేర దాటని కాలం మనది. ఆ కాలంలోనే, చూసుకోకుండా దాటిన రోజు ఒకటి నాకుంది.

మాది ఖరగ్‌పూరులో ఝపటాపూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నాన్న అదే వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. ఎనభైల నడుమ, ఊళ్ళో ఒక ముసలి డాక్టరుగారు వదిలించుకున్న పాత కారుని నాన్న తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. ఆరు నెలలు విప్పి, తుడిచి, బిగించి, దాన్ని మనిషిని చేశాడు. అయితే దాన్ని ఆయన ఏనాడూ కారుగా చూడలేదు, చిన్న సైజు బోగీగానే చూశాడు. పొద్దున్నే రేడియేటరులో నీళ్ళు, ఇంజనులో ఆయిలు, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు, బ్రేకు ఆయిలు, అన్నీ వరసగా చూసి, చివరికి చిన్న సుత్తి ఒకటి పట్టుకుని నాలుగు టైర్లనూ టంగు టంగుమని కొట్టి చెవి పెట్టి వినేవాడు. స్టేషనులో బండి ఆగగానే చక్రాలని అలా కొట్టి చూస్తారు కదా, అది ఇనప చక్రం, ఇది రబ్బరు, దీనికేం వినిపిస్తుంది నాన్నా అంటే, వినేవాడికి వినిపిస్తుంది అని మీసం కింద నవ్వుకునేవాడు. మొండిఘటం.

నాకేమో చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువ. కాలికి సక్రాలు కట్టుకుని పుట్టినావే గుంటా అని అమ్మ విసుక్కునేది. తెలుగు బడిలో టీచరుగా చేరాక జీతం కంటే ముందు నేను అడిగింది డ్రైవింగు. వీధిలో వాళ్ళు ఏమనుకుంటారో అని అమ్మ నసిగింది, నాన్న మాత్రం పొద్దున్నే మైదానానికి తీసుకెళ్ళి నేర్పించాడు. నేర్పడం కూడా రైలు లెక్కలోనే. టైరు పేలితే బ్రేకు మీద కాలు వెయ్యకు, స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటరు వదిలెయ్యి, బండే నెమ్మదిస్తుంది అనేవాడు. దారిలో బండి ఆగిపోతే గార్డు ఎర్రజెండా పట్టుకుని వెనక్కి నడిచినట్టు, కారు ఆగినా ముందు వెనకవాళ్ళకి తెలియాలి, తరువాతే రిపేరు అనేవాడు. డిక్కీలో నిజంగానే ఒక ఎర్రజెండా ఉండేది. దాని పక్కన చక్రాల కింద పెట్టే రెండు చెక్కలు, ఇంకా గోనెలో చుట్టిన జాకీ, వీల్ పానా ఉండేవి. ఆ గోనె కదిలితే నాన్నకి నిద్రలో కూడా తెలుస్తుందని మేం వేళాకోళం చేసేవాళ్ళం.

సంవత్సరంలో ఒక్క రోజు మాత్రం అది కదిలేది. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ. మన వైపు ఆయుధపూజ ఎలాగో ఇక్కడ అది అంతకు రెండింతలు. వర్క్‌షాపులో మిషన్లన్నీ ఆపి, కడిగి, దండలు వేసి, ఆ రోజు పెళ్ళాం పిల్లల్ని కూడా లోపలికి రానిస్తారు. గ్యారేజీలు, రిక్షా స్టాండులు, బస్సు స్టాండు, ఎక్కడ చూసినా పందిళ్ళూ మైకులూ. ఇంట్లో కూడా పనిముట్టన్నది ఏదైనా సరే దేవుడి ముందు పెట్టి బొట్టు పెడితే మర్నాడు పొద్దున్న దాకా ముట్టకూడదు. అమ్మ ఆ విషయంలో మరీ పట్టుదల మనిషి, ఆ రోజు సూదిలో దారం కూడా ఎక్కించనిచ్చేది కాదు.

ఆ ఏడు మా అప్ప, అంటే అక్క, తొలి కాన్పుకి వచ్చి ఉంది. బీపీ ఎక్కువగా ఉందని, నొప్పులు మొదలైతే ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మని మేదినీపూర్‌లో లేడీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంకా మూడు వారాలుంది కదా అని మేం ధీమాగా ఉన్నాం. పూజ రోజు నాన్న తెల్లారకుండానే వర్క్‌షాపుకి వెళ్ళిపోయాడు, పనిముట్లు సర్దే పని నాది. డిక్కీలో గోనె విప్పి జాకీ, వీల్ పానా తీసి, కిరసనాయిలుతో తుడిచి, దేవుడి ముందు పెట్టింది నేనే. అమ్మ వాటికి గంధం రాసి మందారాలు పెట్టింది. కారుకీ దండ వేశాం. మధ్యాహ్నం భోజనాలైన కాసేపటికి అప్ప గోడ పట్టుకుని నిలబడిపోయింది.

బాడుగ బండి కోసం అమ్మ వీధి చివరి దాకా పరుగెత్తి వచ్చింది. ఎవరు కదుల్తారు, డ్రైవర్లంతా పందిళ్ళలో ఉన్నారు. అప్ప మొహం ఉబ్బి ఎర్రబడుతోంది, తల పగిలిపోతోందంటోంది. నేను తాళాలు తీశాను. దండ వేసిన కారుని తియ్యడమా అని అమ్మ ఒక్క క్షణం ఆగింది గానీ, అప్ప మళ్ళీ మూలిగేసరికి తానే వెనక తలుపు తెరిచింది. డిక్కీ సంగతి ఇద్దరికీ తట్టలేదు. నాన్న రోజూ చేసే తనిఖీ ఒక్కటీ చెయ్యలేదు. తొందరపాటు నా ఒంట్లోనే ఉంది, ఆ రోజు దానికి కారణం కూడా దొరికింది.

ఊరు దాటి, కంసాయ్ నది వంతెన ఇంకా రాకముందే, కుడి చేతి వైపు వెనక టైరు దబ్బుమంది. స్టీరింగు చేతిలోంచి లాక్కున్నట్టయింది. నాన్న చెప్పింది చెప్పినట్టు చేశాను, బ్రేకు తొక్కలేదు, పట్టు వదల్లేదు, ఎడమ పక్క మట్టిలోకి నెమ్మదిగా దించాను. దిగి, జెండా ఒక కర్రకి కట్టి వెనక పాతి, చక్రాలకి చెక్కలు పెట్టి, హమ్మయ్య, స్టెపినీలో గాలి ఉంది అనుకుని గోనె కోసం చెయ్యి పెట్టాను. గోనె ఖాళీ. లోపల అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని అప్ప, జాకీ మా ఇంట్లో మందారాల కింద, రోడ్డు మీద కనుచూపు మేరలో ఒక్క బస్సు లేదు.

అదృష్టమో ఏమో, రోడ్డుకి అవతల ఇరవై అడుగుల్లో గ్యారేజీ ఉంది. పరుగెత్తాను. అక్కడా పందిరే. కొత్త తెల్లచొక్కా వేసుకున్న మేస్త్రీ దాదా, ఇక్కడ అన్నని అలాగే పిలుస్తారు, ప్రసాదం పంచుతున్నాడు. విగ్రహం ముందు జాకీలు, పానాలు, సుత్తులు, అన్నిటికీ బొట్లు, దండలు. విషయం చెప్పాను. ఆయన కంగారుపడ్డాడు, పాపం, మంచివాడే, కానీ "ఆజ్ హాత్ దేవా జాబే నా, దీదీ" అన్నాడు, ఈ రోజు చెయ్యి పెట్టకూడదని. ఎవరినైనా పంపి బండి వెతికిస్తానన్నాడు. నేను అరిచాను, బతిమాలాను, మళ్ళీ అరిచాను. నిజం చెప్పాలంటే జాకీ నా కాళ్ళ దగ్గరే ఉంది, వంగి తీసుకుంటే ఆపేవాళ్ళు లేరు. లోకంలో అందరితో పోట్లాడే నాకు ఆ గంధం బొట్టు మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంతలో కారు దిగి వచ్చిన అమ్మ నా పక్కనుంచి వెళ్ళింది. చెప్పులు విడిచి, పందిట్లోకి నడిచి, విగ్రహానికి దణ్ణం పెట్టి, మన భాషలోనే గట్టిగా అంది: "తప్పయితే నా మీద ఎయ్యి నాయనా, ఆ గుంట మీద ఎయ్యకు." సూదిలో దారం ఎక్కించనివ్వని మనిషి, దండ పక్కకి తీసి, ఆ బరువైన జాకీని రెండు చేతులా ఎత్తుకుంది.

మైకు ఎవరు ఆపారో తెలియదు. ఆ మేస్త్రీ వచ్చి, "మా, దిన్, ఆమి కొర్ఛి" అని జాకీ అందుకున్నాడు, ఇలా ఇవ్వమ్మా నేను చేస్తానని. అమ్మ వీల్ పానా కూడా తీసి ఆయన చేతిలో పెట్టింది. ముందు నట్లు వదులు చేసి, తరువాత జాకీ ఎత్తి, కొత్త చొక్కాతోనే మట్టిలో పడుకుని ఆయన చక్రం మార్చాడు. పది నిమిషాలు పట్టి ఉంటుంది. అప్ప అరుపులు వింటూ నేను కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను, ఎన్ని చుట్లు తిరిగానో.

మేదినీపూర్ ఆసుపత్రిలో అప్పని నేరుగా లోపలికి తీసుకెళ్ళారు. ఇంకో అరగంట అయితే ఏమయ్యేదో చెప్పలేమంది డాక్టరమ్మ. చీకటి పడకముందే పాప పుట్టింది, చిన్నగా, ఎర్రగా, పెద్ద గొంతుతో. తల్లీ బిడ్డా బాగున్నారన్నారు. నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. పాపని అందిస్తే తీసుకోలేదు. గ్రీజూ గంధమూ అంటిన రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, కడుక్కోకుండా బల్ల మీద అలాగే కూర్చుంది. కబురు తెలిసి నాన్న ఎవరి సైకిలో అడిగి తొక్కుకుంటూ వచ్చాడు, నుదుట వర్క్‌షాపు బొట్టు చెమటకి కారిపోయి ఉంది. జరిగిందంతా విన్నాడు. డిక్కీలోంచి జాకీ తీసింది నేనేనని చెప్పినా నన్ను ఒక్క మాట అనలేదు. వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని, తువ్వాలు తీసి ఆ చేతుల్ని ఒక్కో వేలూ తుడిచాడు. "పని దేవుడు కదే ఆయన," అన్నాడు. "పని కోసం ఎత్తినావు. ఊరక కూకుంటే కదా కోపమొస్తాది." అప్పుడు అమ్మ పాపని ఎత్తుకుంది.

మర్నాడే ఆ మేస్త్రీ పొట్లంలో ప్రసాదం పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు, పాపో బాబో చెప్పలేదు మీరు అంటూ. ఆ తరువాత నాన్న చూపు మందగించి కారు అమ్మేసేదాకా, తొంభైల చివరి దాకా, మేం ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా గ్యారేజీ ముందు ఆగేవాళ్ళం. పని ఏమీ లేకపోయినా ఆగేవాళ్ళం. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముందు ఒకటే అడిగేవాడు, "ఖుకీ కెమొన్ ఆఛే?" పాప ఎలా ఉంది అని. నడుస్తోంది దాదా, బడికి వెళ్తోంది దాదా, లెక్కల్లో తప్పింది దాదా అని చెప్పేవాళ్ళం.

ఇప్పుడు అమ్మ లేదు, నాన్న లేడు. ఆయన ఏమయ్యాడో ఎవరినడిగినా తెలియలేదు. ఆ రోడ్డు ఎంతో వెడల్పయింది, బళ్ళు నున్నగా జారిపోతాయి, ఆగిపోయిన బండిని లాక్కెళ్ళడానికి క్రేను కూడా వస్తుంది, మంచిదే, ఎవరి కూతురూ ఆ మట్టిలో ఆగిపోకూడదు. కానీ ఆ రోజు పుట్టిన మా పాపకి పోయిన నెల కూతురు పుట్టింది. ఆ కబురు తెలిసిన మర్నాడు నేను ఆ దారినే మేదినీపూర్ వెళ్ళాను, చోటు రాగానే నా కాలు దానంతటదే యాక్సిలరేటరు వదిలేసింది. గ్యారేజీ ఉన్న చోట ఇనప కంచె ఉంది, వెనకనుంచి లారీ హారన్లు మోగాయి. బాగుంది దాదా, ఇద్దరూ బాగున్నారు అని కారులోనే, ఎవరికీ వినపడకుండా చెప్పేసి ముందుకి పోనిచ్చాను.