ఊక బస్తాల గోడ

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఐదో తరగతి దాటని వాణ్ణి. మిల్లు దగ్గర నుంచే చెబుతాను.

తొంభైల చివర్లో మా ఇంటి గోడ పక్కనే చోళ్ల పిండి మిల్లు పెట్టారు. డీజిల్ ఇంజను. అది తిరిగితే మా తడిక గోడల మట్టి రాలేది. అప్పటికి మా పాపకు రెండు నెలలు. మిల్లు మొదలైనప్పుడల్లా ఉలిక్కిపడి ఏడ్చేది. నా భార్యకు నిద్ర లేదు.

"ఈ సప్పుడు ఆపుతావా, గుంటనెత్తుకుని మా అమ్మకాడికి పోనా?" అంది ఒకరోజు.

వాళ్ల ఊరు రెండు కొండల అవతల. వెళ్తే మళ్లీ వస్తుందో రాదో అని నా భయం.

సామల నూర్పిడి అప్పుడే అయింది. కళ్లంలో ఊక గుట్టగా ఉంది. చెరగకుండానే గోనెల్లో కూరి, చప్పుడు లోపలికి రాకుండా గది నాలుగు గోడలకూ కింది నుంచి పైదాకా పేర్చి, వెదురు బద్దలతో బిగించాను. మిల్లాయన తొంగిచూశాడు.

"ఏటి బావా, గోడకి సలేత్తందా? దుప్పటి కప్పుతన్నావు!"

"నీ ఇంజనుకి దగ్గొచ్చింది బావా. మాకంటకుండా కడతన్నాను."

తలుపుకూ రెండు గోనెలు కట్టాను. పాప నిద్రపోయింది, దాంతోపాటు నా భార్యా. నాకే కుదురు లేదు. పెరట్లో కాఫీ పళ్లు ఒలుస్తూ, మధ్యలో లేచి, తలుపు తీసి చూసి వచ్చేవాణ్ణి. ఒలవడం, లేవడం, చూడడం.

"నువ్వే లేపేత్తన్నావు దాన్ని! ఓ దగ్గర కూకోలేవా?" అని తిట్టింది.

రోషం వచ్చింది. మర్నాడు ఆమె గెడ్డకు నీళ్లకు వెళ్తూ "సూత్తుండు" అన్నా నేను లేవలేదు. తలుపు ముందే కూర్చున్నాను. లోపలి నుంచి చిన్న శబ్దం కూడా లేదు. పడుకుందిలే అనుకున్నాను.

ఆమె వచ్చి తలుపు తీసింది. పాప నోరు తెరిచే ఉంది, ఏడ్చి ఏడ్చి గొంతు రావడం లేదు. ఊకలో మిగిలిన గింజలకు పట్టిన ఎర్రచీమలు ఉయ్యాల తాడు మీదుగా దిగి కాళ్లంతా కుట్టేశాయి.

"సెవుడా నీకు? ఇక్కడే ఉన్నావు కదా!"

వినపడకుండా చేసింది నేనే.

కత్తి తెచ్చి బద్దలు కోశాను. ఊక గదంతా పడింది. అప్పుడు అడిగాను, "మీ ఊరు పోతావా?"

ఆమె పాప కాళ్లకు నూనె రాస్తూ తల ఎత్తలేదు. "ముందు ఆ తలుపువి పీకు. మిల్లు సప్పుడూ రానీ."

సాయంత్రం మిల్లు మొదలైంది. పాప ఉలిక్కిపడి బొంగురు గొంతుతో ఏడ్చింది. పెరట్లో ఉన్న నాకు వినపడింది. పళ్ల బుట్ట తన్నుకుని మరీ పరుగెత్తాను.